ఎర్ర పోగుల కాగితం

ఆ వేసవిలో మా మామకు నెలా పదిరోజుల పాటు సరైన స్నానం లేదు. నీళ్లు రాక కాదు. మూడురోజులకోసారి వచ్చే కొళాయి నీళ్లూ, వారానికి రెండుసార్లు వచ్చే ట్యాంకరు నీళ్లూ అన్నీ కాగితం తొట్టికే పోయేవి. ఆయనకు స్నానం లేదన్న సంగతి ఇంట్లో ఒకరికి ఒకరం చెప్పుకోవలసినంత పెద్దదిగా కూడా అప్పుడు మాకు తోచలేదు.

మాది కోడుమూరు. మామ పేరు కాశన్న. నలభై ఏళ్లు మగ్గం నేశాడు. ఆ వేసవికి రెండేళ్ల ముందు మగ్గం మీద ఉండగానే పక్షవాతం వచ్చి కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి. మాట పోలేదు గానీ కాస్త నెమ్మదించింది. మగ్గం విప్పి అమ్మేశాం. మగ్గం గుంత పూడ్చి, సిమెంటు వేయించి, సరిగ్గా అక్కడే కాగితం తొట్టి కట్టించాను. కట్టించింది నేనే. నా పేరు శివలీల. ఇంట్లో లీలా అని పిలుస్తారు. నా భర్త శివకుమార్ మంగంపేట గనుల దగ్గర లారీ నడుపుతాడు. పదిహేను రోజులకోసారి ఇంటికి వచ్చేవాడు. కాబట్టి ఇంట్లో ఉండేది మేం ముగ్గురమే. నేను, మామ, మా అత్త గురమ్మ.

నేతగాళ్ల ఊరు కనుక గుడ్డ పేలికలకు కొదవ లేదు. వాటిని గోరంత ముక్కలుగా కత్తిరించి, నానబెట్టి, మిషనులో కొట్టి గుజ్జు చేస్తాం. ఆ గుజ్జును తొట్టి నీళ్లలో కలిపి, సన్నటి జల్లెడ బిగించిన చట్రంతో పైకి ఎత్తితే నీళ్లు కారిపోయి పలచటి పొర నిలుస్తుంది. దాన్ని గుడ్డమీద బోర్లించి, నొక్కి, ఎండబెడితే కాగితం. మా వీధిలో ఎనిమిదిమంది ఆడవాళ్లం సంఘంగా కూడి అప్పటికి ఏడాదిన్నరగా కవర్లు, శుభలేఖలు చేస్తున్నాం. వాటిని కర్నూలులో ఒక సంస్థ తీసుకునేది. ఆ సంస్థ తరఫున హర్షిణి మేడం వచ్చిపోతుండేది.

పోయినేడు ఉగాది దాటిన వారానికి ఆమె వచ్చి, మే చివర్లో హైదరాబాదులో పెద్ద వాణిజ్య ప్రదర్శన ఉందనీ, అందులో మా సంఘానికి ఒక స్టాలు దొరికిందనీ చెప్పింది. బెంగుళూరు నుంచీ, బయటి దేశాల నుంచీ కొనేవాళ్లు వస్తారట. వాళ్లలో ఒక్కరికి నచ్చినా ఏడాది పొడుగునా పని ఉంటుందట. కవర్లు పెట్టుకుని కూర్చుంటే ఎవరూ ఆగరనీ, స్టాలులోకి అడుగుపెడితే తోటలోకి వచ్చినట్టుండాలనీ చెప్పింది. కాగితం పూలు, తీగలు, దీపాల గొడుగులు, పెట్టెలు. అన్నీ చేతితో చేసినవే ఉండాలి. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. డిగ్రీ చదివి ఆ ఇంటికొచ్చి ఏడేళ్లు. అంతవరకూ నన్ను ఎవరూ ఏదీ చేయగలవా అని అడగలేదు.

మేడం నమూనాకు ఒక గులాబీ పువ్వు తెచ్చింది. అత్త దాన్ని తీసుకుని రేకు రేకూ విప్పి చూసి, పక్కన పడేసి, మర్నాటికి ఒక తంగేడు కొమ్మ చేసింది. పసుపు నీళ్లలో ముంచిన కాగితంతో, మొగ్గలూ విచ్చినవీ వాడినవీ కలిపి. వాడిన పువ్వును కూడా చెయ్యాలన్న ఊహ మాలో ఎవరికీ రాలేదు. అరవై ఏళ్ల మనిషి. మేడం దాన్ని చూసి, ఇంక గులాబీలు వద్దు, అన్నీ గురమ్మగారు చెప్పినట్టే చేయండి అంది. ఆ రోజు అత్త నవ్వింది. పళ్లు కనిపించేలా ఆమె నవ్వడం నేను చూసింది అదే మొదలు.

అత్తకు ఎడమ చెవి వినపడదు. ఎందుకు వినపడదో వీధిలో అందరికీ తెలుసు. నేను కొత్తగా వచ్చిన రోజుల్లో అడిగితే, "మీ మామ చెయ్యి పడినాది" అంది, వాన పడింది అన్నంత మామూలుగా. నేను వచ్చేసరికే ఆయన వయసు మళ్లి ఆ చెయ్యి నెమ్మదించింది. అయినా పప్పులో ఉప్పెక్కువైందని కంచం గోడకు కొట్టడం రెండుమూడు సార్లు చూశాను. కొట్టాక ఆయన వేరే కంచం వచ్చేదాకా అలాగే కూర్చునేవాడు. అత్త గోడ కడిగి, నేల కడిగి, కంచం తెచ్చేది. నలభై ఏళ్లలో ఆయన నేసిన చీర ఒక్కటీ ఆమె కట్టలేదు. నేసిందంతా షావుకారుదని అనేవాడు. ఆమె సంతలో కొన్న మిల్లు చీరలే కట్టింది.

నీళ్లతో మొదలైంది. ఒకరోజు పొద్దున నేను మామ స్నానానికి బకెట్టు నింపి పెట్టాను. ఆయన భుజాన తువ్వాలు వేసుకుని మంచం మీద కూర్చుని ఉన్నాడు. నేను చెయ్యి పట్టి లేపబోయేంతలో అత్త వచ్చి బకెట్టు ఎత్తుకుపోయి తొట్టిలో పోసింది. గుజ్జు గట్టిపడుతోందనీ, రేపు చూద్దామనీ అంది. మామ మధ్యాహ్నం దాకా ఆ తువ్వాలు తియ్యలేదు. మర్నాడూ అంతే జరిగింది. మూడోరోజు నేను బకెట్టు పెట్టలేదు.

తర్వాత ఆయన మంచం. వసారాలో నీడా గాలీ రెండూ ఉంటాయి. కాగితం ఎండలో పెడితే వంకర పోతుంది కనుక వసారాలోనే తీగలు కట్టి ఆరబెట్టాలి. అత్త ఆయన మంచాన్ని రేకుల కొట్టంలోకి మార్పించింది. ఏప్రిల్లో మా ఊళ్లో రేకుల కింద కుక్కలు కూడా పడుకోవు. వేడిగా ఉందని ఆయన అన్నప్పుడల్లా ఆమె తన ఎడమ చెవి ఆయన వైపుకు తిప్పుకుని కూర్చునేది. మొదట్లో నేను గమనించలేదు. గమనించాక నాకు నవ్వొచ్చింది. అది కూడా చెప్పాలి కదా, నవ్వొచ్చింది.

కాగితాలు నొక్కే యంత్రం పంపుతామన్న సంస్థవాళ్లు పంపలేదు. తడి కాగితాలను గుడ్డల మధ్య దొంతరగా పేర్చి, పైన చెక్క వేసి, చెక్క మీద రాళ్లు పెట్టేవాళ్లం. రాళ్ల బరువు ఒకవైపే పడి కాగితం మందంగా ఒకచోట, పలచగా ఒకచోట వచ్చేది. ఒకరోజు పక్కింటి సుంకులమ్మ రాయి మోస్తూ నడుం పట్టేసిందని కూర్చుండిపోయింది. అత్త ఆమెను చూసి, కొట్టం వైపు చూసింది.

"రాళ్లేంటికి," అంది. "ఆయప్ప ఊరికే కూచోనుండాడు గదా."

సంఘంలో ఆడవాళ్లంతా నవ్వారు. ఇద్దరు పోయి ఆయన్ను ఎత్తుకొచ్చి చెక్క మీద కూర్చోబెట్టారు. ఆయనకు మొదట ఏం జరుగుతోందో అర్థం కాలేదు. తన కింద తడి గుడ్డల్లోంచి నీళ్లు చిమ్మి నేల మీద పారడం చూసి అర్థం చేసుకున్నాడు. ఒకప్పుడు ఆ వీధిలో ఆయన నడిచొస్తుంటే ఆడవాళ్లు అరుగుల మీద నుంచి లేచేవాళ్లు. ఇప్పుడు వాళ్లే ఆయన చుట్టూ కూర్చుని, ఇంకొంచెం ఎడమకు జరుగు మామా, ఆ పక్క తడి పోలేదు అని చెప్తున్నారు. కాగితాలు చాలా సమంగా వచ్చాయి. దాంతో అది రోజూ పనయింది. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు.

కాలు తిమ్మిరెక్కిందని, దించమని అడిగేవాడు. నన్నే అడిగేవాడు. నేను అత్త వైపు చూసేదాన్ని. ఆమె పువ్వు రేకు మడుస్తూ ఇంకో అరగంట అనేది. నేను వెళ్లి ఆయనకు మంచినీళ్లిచ్చి వచ్చేదాన్ని. మంచినీళ్లిచ్చాను కదా అని నాకు తృప్తిగా ఉండేది.

మే మొదట్లో శివకుమార్ వచ్చాడు. తండ్రి దగ్గర కూర్చుని వెంటనే లేచి, ఈ వాసనేందని అడిగాడు. అతనే వీధి చివరి బోరింగు దగ్గరకు పోయి రెండు బిందెలు తెచ్చి తండ్రికి ఒళ్లు కడిగాడు. వాళ్లమ్మతో గొంతు పెంచి మాట్లాడాడు. ఆమె అంతా విని, అంత నొప్పిగా ఉంటే మంగంపేటకు తీసుకుపొమ్మంది. అక్కడ అతనుండేది నలుగురు డ్రైవర్లతో ఒక గదిలో. మర్నాడు పొద్దున్నే వెళ్లిపోయాడు. వెళ్లేముందు నన్ను పక్కకు పిలిచి, నువ్వైనా చూసుకో అన్నాడు. చూసుకుంటాను అన్నాను.

ప్రదర్శనకు పన్నెండు రోజులుందనగా హర్షిణి మేడం కారులో వచ్చి అన్నీ చూసింది. పూలకు మెచ్చుకుంది. దీపాల గొడుగులకు చేసిన కాగితం మాత్రం నచ్చలేదంది. తెల్లగా ఉంటే మిల్లు కాగితానికీ దీనికీ తేడా ఏం కనిపిస్తుందండీ, నేతగాళ్ల ఇంటి కాగితమని తెలియాలి కదా, లోపల రంగు పోగులు కనిపించేలా చేయండి, లైటు వేస్తే ఆ పోగులు మెరవాలి అంది. మిల్లు నూలు వద్దు, చేనేత గుడ్డే కావాలంది. మా దగ్గరున్న పేలికలన్నీ తెల్లవో, రంగు వెలిసినవో. అందరం ఎక్కడ తేవాలా అని తలలు పట్టుకున్నాం.

అత్త లేచి లోపలికి పోయి, ట్రంకుపెట్టె తెరిచి ఒక గుడ్డ తెచ్చింది.

అది మామ చివరగా నేసిన చీర. చీర అనడానికి లేదు, సగమే. పక్షవాతం వచ్చినరోజు మగ్గం మీద ఉన్నది. మగ్గం విప్పేటప్పుడు కోసి, మడిచి పెట్టెలో పెట్టాం. మంకెనపువ్వు ఎరుపు, పసుపు అంచు. ఎప్పుడైనా అడిగి తెప్పించుకుని ఎడమ చేత్తో నిమిరి మళ్లీ ఇచ్చేసేవాడు.

ఆమె దాన్ని తెచ్చి ఆయన ముందరే కూర్చుంది. ఆయన చెక్క మీద ఉన్నాడు. కిందికి దిగలేడు. గుడ్డ రెండో కొస నా చేతికిచ్చి, బిగించి పట్టుకోమంది. పట్టుకున్నాను. కత్తెర ఎరుపులోకి దిగింది. మంచి నేత కనుక కత్తెర సాఫీగా పోలేదు. కరకరమని శబ్దం చేసింది.

"గురమ్మా," అన్నాడు మామ.

ఆయన ఆమెను పేరు పెట్టి పిలవడం నేనెప్పుడూ వినలేదు. ఏమే అనేవాడు, లేదా ఏమీ అనకుండా పిలిచేవాడు. సంఘం ఆడవాళ్లు చేతుల్లో పని ఆపారు.

"అది నీ కోసరం నేసినా."

కత్తెర ఆగింది. ఆమె తల ఎత్తలేదు. నా చేతిలో కొస కొంచెం వదులైంది. ఆమె అటు నుంచి పట్టు సడలించిందన్నమాట. అప్పుడు నేను ఆ గుడ్డను నా వైపు లాక్కుని ఉండొచ్చు. ఇంకేదైనా చూద్దాంలే అత్తా అని ఉండొచ్చు. ప్రదర్శన ఇంకా పన్నెండు రోజులే ఉందని, ఎరుపు గొడుగులు ఎంత బాగుంటాయోనని ఆలోచిస్తున్నాను.

"ఏ చెవికి చెప్తాండావు?" అంది అత్త. గొంతు పెంచలేదు. మళ్లీ కత్తిరించింది.

ఆయన కళ్లు మూసుకున్నాడు. సాయంత్రానికి ఆ చీరంతా గోరంత ముక్కలై నీళ్లలో నానుతోంది.

ఆ గుజ్జును పూర్తిగా మెత్తగా కొట్టలేదు. పోగులు అక్కడక్కడా నిలిచేలా వదిలి, తెల్ల గుజ్జులో కలిపాం. కాగితం చాలా అందంగా వచ్చింది. పాల మీద కుంకుమ పోగులు చల్లినట్టుంది. ఆ కాగితాలు కూడా ఆయన కిందే నొక్కాం.

హైదరాబాదుకు అత్తా నేనూ సంఘంలో ఇంకో ఇద్దరూ వెళ్లాం. మామకు అన్నం పెట్టమని సుంకులమ్మకు అప్పగించాం. ఐదురోజుల ప్రదర్శన. పెద్ద హాలు, ఏసీ చలి. మొదటిరోజు మధ్యాహ్నానికే మా స్టాలు ముందు జనం నిలబడ్డారు. తంగేడు కొమ్మల కింద ఎర్ర పోగుల గొడుగులు, లోపల లైట్లు. జనం దగ్గరగా వచ్చి, ముట్టుకోవచ్చా అని అడిగి ముట్టుకున్నారు. హర్షిణి మేడం అందరికీ చెప్పింది, ఈమె భర్త పెద్ద నేతగాడనీ, ఆ మగ్గం ఆగిపోతే ఈమె కాగితంలో దాన్ని నిలబెట్టిందనీ. ఆ మాట ఆమెకు ఎవరు చెప్పారో తెలియదు. బహుశా నేనే చెప్పి ఉంటాను. ఒక టీవీ అమ్మాయి మైకు పెట్టి, మీ ఆయన మిమ్మల్ని మెచ్చుకుంటారా అమ్మా అని అడిగింది.

"శానా," అంది అత్త.

మూడోరోజు సుంకులమ్మ ఫోను చేసింది. మామ రెండురోజులుగా ముద్ద మింగడం లేదనీ, నీళ్లు కూడా బలవంతాన పట్టాల్సి వస్తోందనీ, గురమ్మ ఎప్పుడొస్తుందని అడుగుతున్నాడనీ చెప్పింది. ఆ సాయంత్రమే బెంగుళూరు నుంచి వచ్చిన ఒక పెద్ద దుకాణం ఆయన మా దగ్గర కూర్చుని, ఆఖరి రోజు మళ్లీ వస్తాననీ, చేసిన ఆమెతోనే మాట్లాడతాననీ చెప్పి వెళ్లాడు. సుంకులమ్మతో గ్లూకోజు కలిపి పట్టమన్నాను. అత్తతో చెప్పలేదు. శివకుమార్‌కూ చెప్పలేదు. నాలుగోరోజు సుంకులమ్మ చేసిన రెండు ఫోన్లూ ఎత్తలేదు.

ఆఖరి రోజు బెంగుళూరు ఆయన వచ్చాడు. ఎర్ర పోగుల కాగితమే కావాలన్నాడు. ఏడాదికి సరిపడా పని ఖాయమైంది. మేడం అత్తను కౌగిలించుకుంది.

తిరుగు బస్సులో కర్నూలు దగ్గరపడ్డాక అప్పుడు సుంకులమ్మ ఫోను సంగతి చెప్పాను. అత్త కిటికీలోంచి బయటికి చూస్తూ విని, ముందే చెప్పినా నేను వచ్చేదాన్ని కాదు అంది. మేం ఇల్లు చేరేసరికి ఇంట్లో ఎవరూ లేరు. సుంకులమ్మ శివకుమార్‌కు ఫోను చేసిందట. అతను వచ్చి తండ్రిని కర్నూలు ఆస్పత్రికి తీసుకుపోయాడు. అంటే మేం వస్తున్న దారిలోనే, మా బస్సు ఆగిన ఊళ్లోనే ఆయన ఉన్నాడన్నమాట. నేను మళ్లీ బస్సెక్కి వెళ్లాను. అత్త రాలేదు.

మామకు సెలైను ఎక్కుతోంది. నర్సు ఆయన్ను పక్కకు తిప్పి చూపించింది. పిరుదుల మీద, తొడల కింద పుళ్లు. డాక్టరు, ఇవి పడుకుంటే వచ్చేవి కావు, గట్టి దాని మీద గంటలకొద్దీ కూర్చుంటే వచ్చేవి, ఎక్కడ కూర్చోబెట్టేవాళ్లు అని అడిగాడు. శివకుమార్ నా వైపు చూశాడు. చెక్క కుర్చీ, సార్ అన్నాను. మామకు స్పృహ ఉంది. నా మాట విన్నాడు. కాదనలేదు.

పద్దెనిమిది రోజులకు ఇంటికి తెచ్చాం. అప్పటికి అత్త ఇంట్లో లేదు. సంస్థవాళ్లు ఊరి చివర, కర్నూలు రోడ్డులో ఒక షెడ్డు తీసుకుని మిషన్లు దించారు. కాపలాకూ పనికీ మనిషుండాలని ఆమె తన చీరలూ ఒక చాపా తీసుకుని అక్కడికి పోయింది. శివకుమార్ పోయి బతిమాలాడు. ఆమె ఆ మాటకు జవాబు చెప్పకుండా, అన్నం తిని పొమ్మందట. అతను మళ్లీ నాతో సరిగ్గా మాట్లాడింది దసరాకు. నేను సంఘం పనికి పోవడం మానేశాను. మామకు ఒళ్లు తుడవడం, పుళ్లకు మందు రాయడం, తినిపించడం నా పనయింది. పేరుకు సంఘం నాయకురాలిగా సుంకులమ్మ సంతకాలు పెడుతోంది.

వానలు మొదలయ్యాక కంబన్న వచ్చాడు. మామతో చిన్నప్పటి నుంచి మగ్గం నేసినవాడు, ఇప్పుడు కూతురి దగ్గర నందికొట్కూరులో ఉంటాడు. చాలాసేపు మామ ఎడమ చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. బయటికొచ్చాక చెప్పులేసుకుంటూ, ఆ ఎర్ర చీర గురమ్మ కట్టిందా అని నన్ను అడిగాడు. ఏ ఎర్ర చీర అన్నాను.

"వాడు సొంతంగా నూలు తెచ్చుకోని నేసినాడమ్మా. షావుకారుది కాదు. పడుగు నేనూ వాడూ కలిసే వేసినాం. ముసలితనంలో పెండ్లానికి చీరె నేస్తాండానని సిగ్గుపడి, ఎవురికీ చెప్పొద్దన్న్యాడు."

సగంలోనే ఆగిపోయిందని చెప్పాను. మిగతాది చెప్పలేదు.

రెండురోజులు ఆగి షెడ్డుకు పోయాను. అత్త నలుగురు కొత్త ఆడవాళ్లకు రేకులు మడవడం నేర్పుతోంది. చేతులు పేలికలు నానబెట్టే సున్నపు నీళ్లకు పగిలి ఉన్నాయి. మనిషి మాత్రం నిగనిగలాడుతోంది. నన్ను చూసి లేచి, పక్కకు తీసుకుపోయి, టీ పోసి ఇచ్చింది. కంబన్న వచ్చిన సంగతి, చెప్పిన సంగతి అంతా చెప్పాను. ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఆమె ఏడవాలనే పోయాననుకుంటాను. నా ఒక్కదాని మీద ఉన్న బరువు కాస్త ఆమె కూడా మోస్తుందని.

"నాకు తెలుసు," అంది అత్త.

నేను గ్లాసు కింద పెట్టాను.

"ఆ నూలుకు కండెలు చుట్టింది ఎవురు? నేనే గదా. షావుకారు నూలు యాదో, అంగడి నూలు యాదో నలభై ఏండ్లు చుట్టినదానికి తెల్దా. పడుగేసిన పొద్దే తెలుసు."

"మరి ఎందుకత్తా?"

ఆమె పగిలిన వేళ్లను కొంగుకు తుడుచుకుంది. లోపల ఎవరో రేకు తప్పు మడిస్తే, అట్ల కాదు అని ఇక్కడి నుంచే చెప్పి, మళ్లీ నా వైపు తిరిగింది.

"ఒక చీరె ఇచ్చి అంతా సరిపెట్టుకుందామనుకున్న్యాడు. నేను కట్టుకోనుంటే సరిపోయేది. ఊర్లో అందరూ అనేవాళ్లు, పోనీలే, ఆఖర్లో పెండ్లానికి చీరె నేసినాడు అని. నేనూ అనుకునేదాన్నేమో."

ఇంటికి ఒక్కసారి వచ్చి చూసిపొమ్మన్నాను. తింటున్నాడా అని అడిగింది. తింటున్నాడన్నాను. అయితే ఇంగేం, అని లేచి లోపలికి పోయింది.

ఇంటికొచ్చేసరికి దీపాల వేళయింది. మామకు దిండు ఆనించి కూర్చోబెట్టి, సంగటి మెత్తగా పిసికి ముద్దలు చేశాను. నేను ఎక్కడికి పోయానో ఆయనకు చెప్పలేదు. నా చీరకు కాగితం గుజ్జు అంటి ఉండొచ్చు. మొదటి ముద్ద మింగాక నా ముఖంలోకి చూశాడు.

"ఏమనింది?" అన్నాడు.

అబద్ధం చెప్పడం నాకు కష్టం కాదు. డాక్టరుకు చెప్పాను, కంబన్నకు చెప్పాను. నీ గురించి అడిగింది మామా, పని తగ్గాక వస్తానంది అంటే సరిపోయేది. అది ఆయన నమ్మేవాడు. రోజూ వాకిలి వైపు చూస్తూ కూర్చునేవాడు.

"ఏమీ అనలేదు మామా," అన్నాను.

ఆయన కాసేపు గోడ వైపు చూశాడు. తర్వాత నోరు తెరిచాడు. ఇంకో ముద్ద పెట్టాను.